మొర్రికొండకి మట్టి చేమిరి

ఊఁ కొడతామంటేనే చెబుతాను. ఊఁ ఆగితే కథా ఆగుతుంది. పొద్దుటినుంచీ చింతపండు గింజ తీసి తీసి నా వేళ్లు మొద్దుబారిపోయాయి, నడుం నాది కాదన్నట్టుంది. తలా ఒక గుప్పెడు దగ్గరకు లాక్కుని గింజ తీస్తూ వినండి. ఊరికే కూర్చుని వింటే కథ ఒంటబట్టదు.

అనగనగా మద్దిగిరి అని ఒక రాజ్యం. దానికో రాజు, పేరు వీరభానుడు. రాజన్నాక ముగ్గురు కొడుకులుండాలి కదా, ఉన్నారు. పెద్దవాడు జయభానుడు, రెండోవాడు రణభానుడు. మూడోవాడు పుట్టేసరికి పేర్లు వెతికే ఓపిక అయిపోయి చిన్నభానుడు అనేశారు.

ఆ రాజ్యానికి ఉత్తరాన మొర్రికొండ. కొండంతా అడవి, అడవి నిండా మొర్రిచెట్లు. పాయసంలో వేసే సారపప్పు లేదూ, అది ఆ చెట్టు పండులోంచే వస్తుంది. కొండమీద నలభై గడపల గూడెం. వాళ్లు తేనె తీసుకుని, పళ్లు ఏరుకుని బతికేవాళ్లు. కొండ దిగివచ్చే వాగు నీళ్లే కింద ఊరంతా తాగేది.

గూడెంలో సింగారి అనే పిల్ల ఉండేది. చిన్నభానుడికి ఆ పిల్లంటే ఇష్టం, ఆ పిల్లకి ఇతనంటే ఇష్టం. ఇద్దరూ ఆ సంగతి గుట్టుగా ఉంచామనుకున్నారు గానీ, రాజ్యంలో తెలియనివాళ్లు లేరు. రాజు ఒప్పుకున్నాడా అంటారా? ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే ఆ కథొకటి చెప్పాలి, నావల్ల కాదు. వానలు వెళ్లాక పెళ్లి అనుకున్నారు. గూడెంవాళ్లకి పెళ్లంటే తమ కొండమీది పచ్చికొమ్మల పందిరి కావాలి. పరాయి చోట కొట్టిన కొమ్మ వాళ్లకి పనికిరాదు.

ఇంతలో పాడుకాలం వచ్చింది. ఆ అడవి నడిమధ్య ధూమకేశుడని ఒక మాంత్రికుడుండేవాడు. వాడికి బంగారం పిచ్చి. పెద్ద కొలిమి కట్టి పాదరసం, సీసం, మైలుతుత్తం, ఇంకా ఏమేమో విషాలు పోసి నూరేళ్లు ఉడకబెట్టాడు. నూరేళ్లు ఉడికినా కందిగింజంత బంగారం రాలేదు. చివరికి ఒక ఎండాకాలం కొలిమి పగిలింది. నిప్పు అడవిని పట్టుకుంది, విషం నేలలోకి దిగింది. ధూమకేశుడు తన నిప్పు తనే ఆర్పలేక ఏడు సముద్రాల అవతలికి ఎగిరిపోయాడు. వాడి ప్రాణం అక్కడ ఒక చిలకలో ఉంది, వాడికేం భయం.

మూడు పగళ్లు, మూడు రాత్రులు కాలింది కొండ. గూడెంవాళ్లు పిల్లల్నీ, తమ దేవరరాయినీ ఎత్తుకుని కిందకి పరుగెత్తి వచ్చారు. నాలుగోనాటికి కొండ మాడిన అట్లకాడలా నల్లగా మిగిలింది.

గూడెం పెద్ద పేరు లక్కన్న. ఆయన రాజు ముందు నిలబడి ఒకటే మాట చెప్పాడు. "మారాజా, మాకో కట్టుబాటు ఉంది. కాలిన కొండకి మూడు వానాకాలాలు గడువిస్తాం. ఈలోగా ఎవరూ విత్తకుండా కొండ తనంతట తాను ఒక్క మొలకెత్తాలి. ఎత్తితే దేవర ఉన్నట్టు. ఎత్తకపోతే దేవర కొండ విడిచినట్టు. అప్పుడు ఆ రాయి ఎత్తుకుని ఎటో పోతాం, ఇటు మళ్లీ తిరిగి చూడం."

సింగారి పక్కనే ఉంది. చిన్నభానుడు ఆమె వంక చూశాడు, ఆమె నేల వంక చూసింది. మూడు వానలు. అంతే ఉంది వాళ్ల చేతిలో.

పెద్దవాడు జయభానుడు పది బళ్ల విత్తనాలు తోలుకెళ్లి చల్లాడు. "కట్టుబాటు సంగతి తరవాత, ముందు కొండ పచ్చబడనీ" అన్నాడు. మొదటి వాన వచ్చింది. వస్తే ఏం లాభం? కాలిన నేల నీళ్లు తాగడం మరిచిపోయింది. చేమాకు మీద పడ్డ నీళ్లలా వాన అంతా పైపైనే జారిపోయింది. విత్తనాలూ బూడిదా కలిసి వాగులో పడ్డాయి, వాగు నల్లబడింది. రెండోవాడు రణభానుడు ఏనుగులమీద నీళ్లు మోయించి పోయించాడు. అవీ జారిపోయాయి. వాగులో చేపలు తేలాయి, ఊళ్లో పసిపిల్లలకి కడుపునొప్పులు మొదలయ్యాయి. ఇహ పక్కూరి నీళ్లు బళ్లమీద రావలసిందే.

మూడోవాడు ఏమీ చల్లలేదు, ఏమీ పోయలేదు. కొండమీదికెళ్లి నడిచాడు. నడుస్తుంటే బూడిద కింద ఒక కన్నంలోంచి అలుగు బయటికొచ్చింది. అలుగంటే తెలుసా? ఒళ్లంతా పెంకులుండి, ముట్టుకుంటే ఉండలా చుట్టుకుపోయి, చీమల్నీ చెదల్నీ తిని బతికే జంతువు. మంట పైన పోయింది, అది లోపల పడుకుని బతికింది.

"అబ్బాయీ, ఈ కొండమీద చీమలేదు, చెదలేదు. నెల్లాళ్లుగా పస్తు. నడిచే ఓపిక లేదు" అంది.

చిన్నభానుడు దాన్ని ఉత్తరీయంలో చుట్టుకుని కిందకి మోసుకొచ్చి, ఊరి చివర ఒక చెదపుట్ట దగ్గర దింపాడు. అది కడుపునిండా తిని, అప్పుడు అసలు మాటకొచ్చింది.

"మీ అమ్మ పాలు తోడు పెట్టేటప్పుడు ఏం వేస్తుంది?"

"చేమిరి. నిన్నటి పెరుగు ఒక చుక్క."

"ఆ చుక్క వెయ్యకపోతే?"

"ఎంతసేపు ఉంచినా పెరుగవదు. విరిగిపోతుంది."

"మట్టీ అంతే. మట్టిలో కంటికి కనబడని ప్రాణులు కోటానుకోట్లు. అవన్నీ కాలిపోయాయి. నువ్వు ఎన్ని విత్తనాలు చల్లినా చేమిరి లేని పాలే. బతికున్న మొర్రికొండ మట్టి ఇప్పుడు ఒక్కచోటే ఉంది. మా తాతల కాలంలో ధూమకేశుడు ఇక్కడినుంచి ఒక కుండెడు మట్టి పట్టుకెళ్లి, ఏడు సముద్రాల అవతల ఒక రాతిదీవి మీద పోసి, మొర్రిమొక్క నాటాడు. ఆ చెట్టుమీదే వాడి ప్రాణచిలక. ఆ మట్టి తీసుకురా."

ఇంట్లో ఈ మాట చెబితే అన్నలు నవ్వారు. "మట్టికోసం ఏడు సముద్రాలా? వెళ్లేది ఎలాగూ వెళుతున్నావు, ఆ చిలక మెడ విరిచి రా. పీడ విరగడవుతుంది" అన్నారు.

"వాడు చస్తే వాగు బాగుపడుతుందా అన్నయ్యా?" అన్నాడు చిన్నభానుడు.

ఏదీ, ఊఁ కొట్టండి. నిద్రపోతున్నారా ఏం?

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు వలలో చిక్కుకుని ఉంది. చిన్నభానుడు వల కోసి విడిపించాడు. "ఏం చెయ్యమంటావు నాయనా?" అంది తాబేలు. "ఏడు సముద్రాలు దాటించు" అన్నాడు. "ఒక్కటని అడిగి ఉంటే బాగుండేది. సరే, ఎక్కు. మాట ఇచ్చాక తప్పుతుందా" అంది.

ఉప్పు సముద్రం దాటారు. "ఒకటి" అంది తాబేలు. చెరకురసం సముద్రం దాటారు. "రెండు" అంది. కల్లు సముద్రం దగ్గర తాబేలు కాస్త ఆలస్యం చేసింది, ఆ తరవాత లెక్క కూడా తప్పింది. నేతి సముద్రం దాటారు. పెరుగు సముద్రం మధ్యకి వచ్చాక చిన్నభానుడు చెయ్యి ముంచి చూసి, "తాతా, ఇంత పెరుక్కి ఎవరు చేమిరి వేసి ఉంటారు?" అని అడిగాడు. "ఎవరో ఒక చుక్క వేసే ఉంటారు. ఆ తరవాత అదే తోడుకుని ఉంటుంది" అంది తాబేలు. ఆ మాట అతని మనసులో పడింది. పాల సముద్రం, మంచినీళ్ల సముద్రం దాటి దీవి చేరేసరికి ఇద్దరికీ మాట్లాడే ఓపిక లేదు.

దీవంతా నల్లరాయి. నడుమ ఒక గుంటలో మట్టి, మట్టిలో మొర్రిచెట్టు, చెట్టుకి బంగారు పంజరం, అందులో చిలక. పంజరం చుట్టూ ఏడుతలల పాము. పాము చుట్టూ ఆరని మంట. అవి దాటి పంజరం ముట్టుకున్నవాడు రాయైపోయే శాపం. మూడు కాపలాలు పెట్టుకుని ధూమకేశుడు చెట్టు నీడన గుర్రు పెడుతున్నాడు.

చిన్నభానుడు పంజరం వంక చూడనేలేదు. చెట్టు మొదట్లో కూర్చుని చేతుల్తో మట్టి తోడి, వెంట తెచ్చుకున్న కుండలోకి ఎత్తడం మొదలెట్టాడు.

పాము ఏడుతలలూ వంచి చూసింది. "ఏం చేస్తున్నావు?"

"మట్టి తీసుకుంటున్నా."

"ఓస్, మట్టేనా. పంజరం జోలికి మాత్రం రాకు" అని మళ్లీ కళ్లు మూసుకుంది. మట్టికి ఎవరు కాపలా పెడతారు చెప్పండి?

సాయంత్రానికి కుండ నిండింది, గుంట ఖాళీ అయింది. చెట్టు ఆకులు వాలిపోయాయి. అప్పుడు పలికింది చిలక. "ఇదిగో అబ్బాయీ, నా కంచం ఎత్తుకుని ఎక్కడికి పోతున్నావు?"

"ఇది ఎక్కడిదో అక్కడికే తీసుకెళుతున్నా."

"ఆ మట్టిలో పండింది తప్ప ఇంకేదీ నా గొంతు దిగదు. నా తిండి ఎక్కడికి పోతే నేనూ అక్కడికే. ఈ పంజరం తలుపు ఎప్పుడూ తెరిచే ఉంది, ఎవరూ ముట్టుకోలేరు కదా, గడియ ఎందుకు? చెట్టు కింద ఎండిన పళ్లున్నాయి, పక్కన బుట్టలున్నాయి, అవి కూడా ఎత్తుకో." అని ఎగిరొచ్చి అతని భుజంమీద కూర్చుంది.

పళ్లు మూడు బుట్టలైనాయి. సరిపెట్టుకుంటే బుట్ట ఎనిమిది నెలలకి వస్తుంది.

ధూమకేశుడు లేచేసరికి తాబేలు నీళ్లలో దిగుతోంది. వాడు పరుగెత్తుకొచ్చి, "ఒరే కుర్రాడా, నా చిలకని ఇచ్చెయ్" అన్నాడు.

"తీసుకో తాతా. ఏం పెడతావు దానికి?"

వాడు వెనక్కి తిరిగి చెట్టుని చూశాడు. ఆకులు రాలుతున్నాయి. వాడికి అర్థమైంది.

"ఈ మూడు బుట్టలు అయ్యేలోపు మొర్రికొండ మొలకెత్తితే నీ చిలక బతుకుతుంది, నువ్వూ బతుకుతావు. లేదంటే నేను దాని మెడ విరవక్కర్లేదు. మంత్రమేసి కొండని మొలిపించు, చిలకని తీసుకుని ఈ క్షణమే వెళ్లిపో."

ధూమకేశుడు రాతిమీద కూలబడ్డాడు. "కాల్చడానికి మంత్రముందిరా. మొలిపించడానికి లేదు. ఉంటే నూరేళ్లు ఆ కొలిమి దగ్గర ఎందుకు కూర్చుంటాను?" అన్నాడు. కాసేపటికి లేచి తనూ తాబేలు ఎక్కాడు. ఇద్దరు మనుషులు, ఒక కుండ, మూడు బుట్టలు, ఒక చిలక. తాబేలు ఏమందో మీకు చెప్పను, చిన్నపిల్లలు.

వాళ్లు తిరిగొచ్చేసరికి ఒక వానాకాలం వెళ్లిపోయింది, ఎండాకాలం నడుస్తోంది. రెండు వానలు మిగిలాయి.

చిన్నభానుడు కుండ తీసుకెళ్లి కొండమీద ఒంపబోయాడు. కుండలోంచి మూడు వానపాములు తలెత్తాయి.

"ఆగు" అంది మొదటిది. "నేల ముందు నీళ్లు తాగడం నేర్చుకోవాలి."

"తరవాత విషం కక్కాలి" అంది రెండోది.

"ఆ తరవాతే చేమిరి" అంది మూడోది. "కాగుతున్న పాలలో పెరుగు వేస్తారా ఎవరైనా?"

సరే అన్నారు. కాలిన మానుల్ని కొండవాలుకి అడ్డంగా పడేసి, మొదట్లో రాళ్లు పేర్చారు. ఎక్కడ నీరు జారుతుందో అక్కడ అడ్డుపెట్టారు. ఊళ్లోంచి గడ్డి మోసుకొచ్చి నేలంతా కప్పారు. సింగారి మోసింది, లక్కన్న మోశాడు, గూడెం మోసింది, ఊరు మోసింది. ధూమకేశుడు అందరికంటే ఎక్కువ మోశాడు. వాడిని చూసి మొదట్లో జనం ఉమ్మేశారు, తిట్టారు. తరవాత తిట్టే ఓపిక కూడా అయిపోయింది. మోస్తూ పోయారు.

రెండో వానాకాలం వచ్చింది. ఈసారి నీళ్లు మానుల దగ్గర ఆగాయి, గడ్డికింద నిలిచాయి, మెల్లగా దిగాయి. నేల గుటక వేసిన చప్పుడు విన్నానంది సింగారి. విన్నదో, అలా అనుకుందో.

వానలు తగ్గుముఖం పట్టాక వానపాములు చెప్పినట్టు ఆవాలు చల్లారు. ఆవమొక్కకి చేమిరి అక్కర్లేదట, వేరుతో నేలలో విషాన్ని పీల్చుకుంటుందట. కొండంతా పసుపుపచ్చగా పూసింది. కాలాక మొదటిసారి కొండకి రంగొచ్చింది. జనం నిలబడి చూస్తూ ఉండిపోయారు.

"ఇది మొలక కాదా లక్కన్న తాతా?" అని అడిగాడు చిన్నభానుడు.

"మీరు చల్లితే వచ్చింది చిన్నదొరా. కొండ ఇచ్చింది కాదు" అన్నాడు లక్కన్న. ఆయన గొంతులో కూడా బాధే ఉంది.

గింజ కట్టకముందే మొక్కలన్నీ వేళ్లతో సహా పీకారు. పీకి పీకి అరచేతులు బొబ్బలెక్కాయి. విషం పీల్చిన మొక్కలవి, పశువులు తినకూడదు, వాగులో పడకూడదు. కొండకింద రాతిగొయ్యి తవ్వి, బంకమన్ను మెత్తి, అందులో పూడ్చెయ్యాలి. కుప్పలు పేర్చి, ఇహ రేపు గోతిలోకి మోద్దామని అందరూ ఎక్కడివాళ్లు అక్కడ పడి నిద్రపోయారు.

ఇక్కడ జరిగింది వినండి. జయభానుడికి ఏడాదిన్నరగా సిగ్గు, తన విత్తనాలవల్లే కదా వాగు మొదట నల్లబడింది. తమ్ముడు పడుతున్న కష్టం చూడలేకపోయాడు. తెల్లారకముందే లేచి, రైతన్నవాడు ఎవడైనా చేసే పనే చేశాడు. పీకిన చెత్తకి నిప్పు పెట్టి, బూడిద బుట్టలకెత్తి, ఎరువవుతుందని కొండంతా చల్లేశాడు. ప్రతి పొలంలోనూ అదే చేస్తారు. ఎవరూ వద్దని అతనికి చెప్పలేదు, చెప్పాలని ఎవరికీ తోచలేదు.

మొక్కలు పీల్చిన విషమంతా తిరిగి నేలకే వచ్చింది.

తెల్లారాక అందరూ చూశారు. జయభానుడు చేతులు నల్లగా చేసుకుని నిలబడ్డాడు. "తమ్ముడూ, నీకు పని తగ్గిద్దామనుకున్నా" అన్నాడు.

"తెలుసు అన్నయ్యా. కూర్చో" అన్నాడు చిన్నభానుడు.

అందరూ కూర్చున్నారు. ఏడవడానికి కూడా ఓపిక లేదు వాళ్లకి. చిన్నభానుడు, "నావల్ల కాదు సింగారీ. ఇంత కొండ మళ్లీ చెయ్యలేను. మీవాళ్లతో నువ్వు వెళ్లిపో" అన్నాడు.

సింగారి తన బొబ్బల చేతులు చూసుకుంది. "కొండంతా ఎవరు చెయ్యమన్నారు దొరా? కట్టుబాటులో ఒక్క మొలక అన్నారు. ఎంత మేర అనలేదు. నువ్వు తెచ్చింది చేమిరే కదా, దానికి కుండెడు పాలు ఎందుకు, గిన్నెడు చాలు. ఒక చాప పరిచినంత చోటు చేద్దాం. అదీ చాతకాకపోతే అప్పుడు వెళతాను."

చాప పరిచినంత చోటు. మిగతా కొండ వదిలేశారు. అప్పటికి చలికాలం సగమైంది. ఆ చోట బూడిద ఎత్తి పోశారు, ఆవాలు చల్లారు, పీకారు, ఈసారి గోతిలో పూడ్చారు. మళ్లీ చల్లారు, మళ్లీ పీకారు, మళ్లీ పూడ్చారు. ఎండాకాలంలో వాగు చచ్చిపోతే పక్కూరినుంచి కడవలతో నీళ్లు మోసి మూడోసారీ చల్లారు. పొద్దున సింగారి కడవ, మధ్యాహ్నం ధూమకేశుడి కడవ, సాయంత్రం జయభానుడి కడవ. మూడో పంట పీకాక వానపాములు అక్కడి మట్టి నోట్లో వేసుకుని చూశాయి.

"చేదు పోయింది" అన్నాయి.

మూడో వాన మొదటి జల్లుకి చిన్నభానుడు కుండ వంచి చేమిరి మట్టి ఆ చాపమేరలో కలిపాడు. వానపాములు లోపలికి వెళ్లాయి. అలుగు వచ్చి పక్కనే చుట్టుకుని పడుకుంది. ఎవరూ ఏమీ విత్తలేదు.

నెల గడిచింది. ఏమీ లేదు. రెండు నెలలు. ఏమీ లేదు. గూడెంవాళ్లు మూటలు కట్టుకోవడం మొదలెట్టారు. మూడో బుట్టలో పళ్లు అడుగంటాయి. చివరికి ఒకే ఒక్క పండు మిగిలింది.

చిలక దాన్ని ముక్కున కరుచుకుని చాపమేర మీద వాలింది. మొర్రిపండులో గట్టి గింజ, గింజ లోపలే పప్పు. చిలక ఆకలంతా తీరేది ఆ పప్పుతోనే. అది పైకండ మాత్రం కొరుక్కుని, గింజ పగలగొట్టకుండా ఆగింది.

"ధూమకేశా, నీ ప్రాణం మోసి మోసి నాకు విసుగొచ్చింది. ఈ గింజ తినకుండా ఇక్కడే దింపుకోనా?" అంది.

ధూమకేశుడు కడవ దించి నిలబడ్డాడు. చిలక పస్తుంటే వాడి కాళ్లలో సత్తువ పోతుంది. వద్దని ఒక్క మాటంటే చాలు. వాడు చాపమేర వంక చూశాడు. ఎండాకాలమంతా తను మోసిన నీళ్లు అందులోనే ఉన్నాయి.

"నీ ఇష్టం" అన్నాడు.

చిలక గింజ వదిలేసింది. అది మట్టిలో పడింది. ఆ పూటనుంచి ధూమకేశుడు లేవలేదు. సింగారి వాడి నోట్లో గంజి పోసింది. చిలక పస్తుతో వాలిపోతుంటే, దాంతోపాటే వాడూ కళ్లు తేలేశాడు.

తొమ్మిది రోజులు వాన పట్టింది. పదోనాడు గూడెంవాళ్లు దేవరరాయి భుజాన ఎత్తుకుని, చివరిసారి కొండకి దణ్ణం పెట్టుకోవడానికి వచ్చారు. లక్కన్న వంగి దణ్ణం పెట్టి, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

మట్టిలోంచి చిటికెనవేలంత మొలక లేచింది. దాని చుట్టూ వెంట్రుకల్లా గడ్డి. గడ్డి పక్కన ఒక పుట్టగొడుగు.

"ఎవరు విత్తారు?" అన్నాడు లక్కన్న.

"మొలక గింజ చిలక వేసింది. గడ్డి ఎవరూ వెయ్యలేదు" అంది సింగారి.

"మట్టి?"

"ఈ కొండదే తాతా. నూరేళ్ల కింద పోయింది, తిరిగొచ్చింది."

లక్కన్న దేవరరాయిని భుజంమీంచి దింపించి, చాపమేర పక్కన పెట్టించాడు. తనూ దాని పక్కన చతికిలపడి, "మూటలు విప్పండి, నేనిక నడవలేను" అన్నాడు. అప్పుడు ఏడ్చారు అందరూ. చిలక మెల్లగా నడిచివెళ్లి రెండు గడ్డిపరకలు కొరికింది. అవతల ధూమకేశుడు కళ్లు తెరిచి మంచినీళ్లడిగాడు.

మరి పెళ్లి ఏదీ అంటారా? పందిరికి కొమ్మలేవి? పచ్చికొమ్మల పందిరి కావాలని మొదట్లోనే చెప్పాను, మరిచిపోయారా?

చాపమేర తోడుకున్నాక అందులోంచి ఒక తట్ట మట్టి తీసి పక్క చాపమేరకి చేమిరి వేశారు. మళ్లీ ఆవాలు, మళ్లీ పీకడం, మళ్లీ పూడ్చడం. ఏడాదికి ఒక వాకిలంత, తరవాత ఒక మడంత, తరవాత ఒక చేనంత. అయిదో ఏట వాగు నీళ్లలో చేప కనబడింది. ఏడో ఏట రాజు కబురు పంపాడు. "నేను ముసలివాణ్ణయిపోతున్నాను, కోటలో పట్టు పందిరి వేయిస్తాను, పెళ్లి చేసుకోండి" అన్నాడు. సింగారి ఒప్పుకోలేదు. "ఇన్నాళ్లు ఆగాం మావయ్యగారూ" అంది, అంతే.

పన్నెండో ఏటికి కొండ సగం పచ్చబడింది. మొదటి మొలక చెట్టయింది, గొడుగులా కొమ్మలేసింది, కాపుకొచ్చింది. ఆ చైత్రంలో చిన్నభానుడు కత్తి పట్టుకుని పందిరి కొమ్మలు కొట్టడానికి చెట్టు దగ్గరికెళ్లాడు. అతని చెవుల పక్కన వెంట్రుకలు నెరిశాయి. కత్తి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉంది.

"ఏం దొరా, చెయ్యి రావడం లేదా?" అంది సింగారి.

"నీకొస్తే నువ్వు కొట్టు."

సింగారి కత్తి అందుకుంది. కొమ్మ పట్టుకుంది. ఆ చెట్టుకి తను మోసిన కడవలు గుర్తొచ్చాయి. కత్తి కింద పెట్టి, చెట్టుకి ఆనుకుని కూర్చుంది. అతనూ పక్కన కూర్చున్నాడు. పన్నెండేళ్లు ఏ కొమ్మలకోసం ఆగారో ఆ కొమ్మలు తీరా వచ్చాక కొట్టడానికి ఇద్దరికీ చేతులు రాలేదు.

లక్కన్న బాగా ముసలివాడైపోయాడు. కర్ర పొడుచుకుంటూ వచ్చి ఇద్దర్నీ చూశాడు. "పచ్చికొమ్మ కింద పెళ్లన్నారు మా పెద్దలు. కొట్టిన కొమ్మ అని ఎవరూ అనలేదు. ఉన్నచోటే కూర్చోండి, తలంబ్రాలు ఇక్కడికే తెప్పిస్తాను" అన్నాడు.

అలా అయింది వాళ్ల పెళ్లి, బతికున్న చెట్టు కింద. వీరభానుడిని పల్లకీలో తీసుకొచ్చారు. అలుగు వచ్చింది. తాబేలు కబురంపింది, దీవెనలైతే పంపుతాను గానీ నడవలేనని. జయభానుడూ రణభానుడూ తమకి రాజ్యం వద్దని, కొండమీద తట్టలు మొయ్యడానికి ఉండిపోతామని అన్నారు. అందుకని చిన్నభానుడే రాజయి, సింగారి రాణయి, చాలా ఏళ్లు ఏలారు. మిగతా సగం కొండ పచ్చబడేదాకా ఏలారు, అంటే ఎన్నేళ్లో మీరే లెక్కేసుకోండి.

తలంబ్రాలు పడుతుండగా పైన చిలక ఆ చెట్టు మొదటి పండు తిని, గింజ కిందకి జారవిడిచింది. పక్కన ధూమకేశుడు నిలబడి ఉన్నాడు, నడుం వంగిపోయి, అరచేతులు కాయలు కాసిపోయి. ఇప్పుడు వాడిని పట్టి ఉంచినవాళ్లు ఎవరూ లేరు, ఎటైనా పోవచ్చు. వాడు వంగి ఆ గింజ తీసుకుని, నాలుగడుగులు నడిచి, ఖాళీగా ఉన్నచోట బొటనవేలితో మట్టిలోకి నొక్కాడు. నొక్కి, కడవ తీసుకుని నీళ్లకి వెళ్లాడు.

అయింది కథ. చింతపండూ అయింది. లేవండి, చేతులు కడుక్కోండి, అన్నాలు పెడతాను. ఆ గింజలు పొయ్యిలో పోయకండి, ఆ చేటలో ఉంచండి.